బ్యాటరీ గది కిటికీకి కొట్టిన మేకులు

ఆ రోజు పొద్దున నేను బ్యాటరీ గది కిటికీకి మేకులు కొట్టాను. అది తప్పు. ఎందుకు కొట్టానో టీ అంగట్లో చెప్పాను. అది ఇంకా పెద్ద తప్పు.

అప్పట్లో జమ్మలమడుగు టెలిఫోన్ ఎక్స్చేంజికి నేనే బాధ్యుణ్ని. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ని. ఎన్నికల నెల. ఫోన్లో మాట్లాడేవాళ్లు మాట మధ్యలో ఆపి, "సామీ, వింటాండావా?" అని నన్ను అడిగేవాళ్లు. లైను సరిచూసేటప్పుడు తప్ప నేను వినేవాణ్ని కాదు. కానీ ఆ ప్రశ్న పదే పదే చెవిన పడి, నాకూ అందరి మీదా అనుమానం పట్టుకుంది.

ఎక్కువ అనుమానం బ్యాటరీలు చూసే మనిషి మీద. నాకంటే పదేళ్లు పెద్ద. పులివెందుల వైపు, వేముల దగ్గరి పల్లెలో గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినవాడు. వాళ్ల ఊరు ఒక పార్టీ, ఎక్స్చేంజి ఉన్న వీధి ఇంకో పార్టీ. నా అనుమానానికి అది చాలింది.

కరెంటు పోతే ఊరి ఫోన్లన్నీ ఆ గదిలోని ఇరవై నాలుగు బ్యాటరీ సెల్లుల మీదే నడవాలి. కరెంటు తిరిగొచ్చాక అవి ఛార్జి అవుతూ వేడెక్కుతాయి, ఆవిరి వదులుతాయి. ఆ ఆవిరి బయటికి పోకుండా గదిలో నిలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. గాలిని బయటికి తోసే ఫ్యాను కాలిపోయి రెండు నెలలైనా పై ఆఫీసుకు నేను రాయలేదు. రోజూ సెల్లులో థర్మామీటరు ముంచి, వేడి ఎంతుందో పుస్తకంలో రాయాలి. నేను గదిలోకి పోకుండానే, కుర్చీలో కూర్చుని ముప్పై డిగ్రీలు అని రాసేవాణ్ని. మే నెలలో, జమ్మలమడుగులో.

అతను రోజూ మధ్యాహ్నం ఆ గది వెనక కిటికీ తెరిచేవాడు. దొడ్డివైపు పోయినప్పుడు మూడుసార్లు చూశాను. సందులోకి ఒక సైకిలు వచ్చి ఆగేది. కిటికీలోంచి చెయ్యి బయటికి పోయేది, మళ్లీ లోపలికి వచ్చేది. సైకిలు అడ్డం వచ్చి ఏం చేతులు మారుతోందో కనిపించలేదు; ఫోన్లో విన్న మాటలు చీటీ రాసి పంపుతున్నాడనుకున్నాను. అడగలేదు. అడిగినా అబద్ధమే చెబుతాడని ముందే నిర్ణయించుకున్నాను.

అందుకే ఆ పొద్దున అతను రాకముందే కిటికీకి అడ్డపట్టెలు వేసి మేకులు దిగ్గొట్టాను. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని టీ తాగడానికి పోయాను. అంగట్లో మా ఎక్స్చేంజి వీధి నాయకుడి మనిషి కూర్చుని ఉన్నాడు.

"సామీ, మావాళ్లు పొద్దున ఫోన్లో అనుకున్న మాట సాయంత్రానికి పులివెందుల్లో తెలుస్తాంది. ఎట్ల?"

"నాకేం తెలుసప్పా."

"నీకు తెలీకపోతే నువ్వే చెప్తాండావని అనుకోవల్ల."

నన్ను నేను కాపాడుకోవడానికి, "మా బ్యాటరీ గది వెనక కిటికీ కాడ చూసుకోండి. ఈ పొద్దు దానికి నేనే మేకులు కొట్టొచ్చినా" అన్నాను.

అతను "అట్లనా" అని మాత్రం అన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి మా బ్యాటరీ మనిషి కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. "ఏంది సామీ, కిటికీకి సమాధి కట్టినావు?"

"పైనుంచి ఆర్డరు" అని అబద్ధం చెప్పాను.

ఆ రోజు పొద్దున్నుంచీ కరెంటు లేదు. మధ్యాహ్నం వచ్చింది. ఛార్జి మొదలైన కాసేపటికి అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఆసిడ్ వాసన వస్తాంది. తాళం తీయి."

బయట సైకిలువాడు కాచుకుని ఉంటాడనుకున్నాను. "ఆగు" అన్నాను.

"పోనీ ఛార్జి తగ్గిస్తా."

"దేన్నీ ముట్టుకోవద్దు."

అరగంట అతన్ని అట్లాగే నిలబెట్టాను. అతను తలుపు మీద అరచెయ్యి పెట్టి చూసి, "కాలుతాంది. మా గొర్రెలైతే నీడకు జరుగుతాయి. ఇవి యాడికి జరుగుతాయి సామీ?" అన్నాడు.

నా గొంతు మండి దగ్గు వచ్చాక గాని తాళం తీయలేదు. లోపల చీకటి, మొహాన కొట్టే వేడి. లైటు వేయబోయాను. అతను నా మణికట్టు పట్టి వెనక్కి లాగాడు.

"స్విచ్చి ముట్టొద్దు! రవ్వ లేచిందంటే మనమిద్దరమూ ఉండం!"

పరుగున పోయి ఛార్జరు ఆపాడు. సందులోకి పోయి గడ్డపారతో పట్టెలు పెళ్లగించాడు. కిటికీ తెరుచుకుంది. సైకిలువాడు అక్కడే ఉన్నాడు, రెండు బిందెల నీళ్లతో. కుళాయికి నీళ్లు రాక చాలా రోజులైంది. ఆ నీళ్లతో మా మనిషి గోనెసంచులు తడిపి, రోజూ కిటికీకి కట్టి గదిని చల్లబరుస్తున్నాడు. కిటికీలోంచి బయటికి పోయిన చెయ్యి ఖాళీ బిందె ఇచ్చింది. లోపలికి వచ్చిన చెయ్యి నిండు బిందె తెచ్చింది.

ఆవిరి చాలావరకు పోయాక థర్మామీటరు ముంచి నా కళ్ల ముందు పట్టాడు. యాభై దాటింది.

సాయంత్రానికి ఇద్దరు మనుషులు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. ఒకడు పొద్దున టీ అంగట్లో నన్ను అడిగినవాడే. మా మనిషి వాళ్లను చూశాడు, నన్ను చూశాడు.

"ఏం చెప్పినావు సామీ?"

చెప్పాను. అతను తిట్టలేదు. "నాకు ఇద్దరు ఆడపిల్లలు" అన్నాడు, అంతే.

నేను గేటు దగ్గరికి పోయి వాళ్లిద్దర్నీ లోపలికి పిలిచాను. బ్యాటరీ గదిలో నిలబెట్టాను. ఆ ఘాటుకు వాళ్ల కళ్లు ఎర్రబడ్డాయి. తడి సంచులు చూపించాను, బిందెలు చూపించాను. నేను ముప్పై అని రాసిన పుస్తకం కూడా చూపించాను.

"పొద్దున ఒక మాట, ఇప్పుడొక మాట. ఏది నమ్మల్ల సామీ?"

"ఇదే. పొద్దున్నది భయపడి చెప్పినా. మీకు కోపముంటే నా మీద చూపించండి."

వాళ్లు నమ్మారో లేదో తెలియదు. గేటు దాటి వెళ్లిపోయారు.

నేను టీ అంగడికి పోయాను. పొద్దున ఎవరి ముందు అన్నానో వాళ్లలో అప్పుడక్కడ ఉన్నవాళ్లందరి ముందూ, అబద్ధం నాదేనని గట్టిగా చెప్పాను. "సామికి ఎండదెబ్బ తగిలినట్లుంది" అని ఎవరో నవ్వారు. మరునాడు పోయి మళ్లీ చెప్పాను. ఫ్యాను కోసం పై ఆఫీసుకు రాసిన కాగితంలో, మేకులు కొట్టింది నేనేనని, పుస్తకంలో వేడి చూడకుండా రాశానని కూడా రాశాను.

ఎన్నికలు అయ్యేదాకా రోజూ సాయంత్రం అతని వెంట బస్టాండుకు నడిచాను. అతనెక్కిన పులివెందుల బస్సు కదిలాక గాని ప్రొద్దుటూరు బస్సు ఎక్కలేదు.

"నువ్వు తోడొచ్చి ఏం చేస్తావు సామీ? నీకు ఉరికేది కూడా రాదు" అనేవాడు.

బ్యాటరీ గది తాళంచెవి అతనికే ఇచ్చేశాను. రోజూ మధ్యాహ్నం అతన్ని అడిగి లోపలికి పోయి, థర్మామీటరు చూసి, ఎంత ఉంటే అంత రాశాను.