గుడ్ నైట్ విని వెనుదిరిగిన పులిహోర

ఆ రోజుల్లో నాకు తెలిసిన మర్యాద ఒక్కటే: ఎవరి జోలికీ పోకుండా మన దారిన మనం పోవడం. తెనాలిలో పదేళ్లు, సింగపూర్‌లో పన్నెండేళ్లు పెరిగి సంపాదించుకున్న విద్య అది. మా ఇంట్లో ఎవరైనా పొద్దున్నే గుడ్ మార్నింగ్ అంటే ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టి చూసేవారు. అమ్మ పలకరింపల్లా "మొహం కడిగావా, టిఫిన్ తిన్నావా?" అంతే. ఇక రైల్లో అయితే, వందమంది మధ్య నిలబడి ఒక్కరి కళ్లలోకీ చూడకుండా బిషాన్‌లోని మా ఇంటి నుంచి కాలేజీకి వెళ్లి రాగలిగేవాణ్ణి. దాన్నే సంస్కారం అనుకునేవాణ్ణి.

టీచర్ ట్రైనింగ్ చివరి ఏడాది మమ్మల్ని ఇద్దరిద్దరుగా విదేశాల్లోని బడులకు మూడు వారాల సేవకు పంపారు. నాకు కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి పడింది. "కరీబియనా? అక్కడ ఓడ దొంగలుంటారంట కదరా!" అంటూ అమ్మ గోంగూర పచ్చడి సీసాలు రెండు ఎక్కువే సర్దింది (దొంగలకి కూడా సరిపోవాలని కాబోలు). నాకు జోడీగా వచ్చింది మా ఊళ్లోనే వుడ్‌ల్యాండ్స్ అనే పేటలో ఉండే అమ్మాయి. వాళ్లది మూడు తరాలుగా సింగపూర్‌లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. తమిళం, మలయ్, ఇంగ్లీషు అన్నీ కలిపేసి, మాట చివర సింగపూర్ వాళ్ల 'లా' ఒకటి తగిలించి, దాన్నే తెలుగు అనేది. (అప్పటికి ఆమె ఇంకా మా ఆవిడ కాదు. ఇది అచ్చుకు వెళ్లేముందు ఆవిడే చదువుతుంది కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను.) మూడో వారం చివర అక్కడి పెద్ద టీచరమ్మ మా గురించి నివేదిక రాసి పంపాలి. అది బాగుంటేనే పాసు. లేదంటే తోటివాళ్లంతా ఉద్యోగాల్లో చేరుతుంటే నేను ఇంకో ఏడాది బెంచీ మీద కూర్చోవాలి.

రేకుల కప్పు బడి, కిటికీలోంచి సముద్రం. మొదటిరోజు ఫైలు గుండెకు హత్తుకుని, తల వంచుకుని, వరండాలో కూర్చున్న టీచర్లనూ వంటామెనూ దాటుకుంటూ, వాళ్లకు ఇబ్బంది కలగకుండా పిల్లిలా నా ఒకటో తరగతిలోకి వెళ్లిపోయాను. రెండో రోజూ అంతే. మూడో రోజు వంటామె గరిటె అడ్డం పెట్టి ఆపింది. "ఏం నాయనా, రాత్రి మనిద్దరం ఒకే ఇంట్లో పడుకుని లేచామా?" అంది. నేను హడలిపోయి, "లేదండీ, నేను గెస్ట్ హౌస్‌లో ఉంటున్నాను" అని గది నంబరుతో సహా చెప్పాను. వరండాలో ఎవరూ నవ్వలేదు. తరగతిలో పిల్లలు చేతులు కట్టుకుని, పెదవి విప్పకుండా కూర్చునేవారు. "ఇక్కడి పిల్లల క్రమశిక్షణ అద్భుతం" అని డైరీలో రాసుకున్నాను. పక్కనే వుడ్‌ల్యాండ్స్ అమ్మాయి తరగతి సంతలా ఉండేది. పాపం, అదుపు చేయడం చేతకాదు కాబోలని జాలిపడ్డాను కూడా.

రెండో వారానికి నాకే అనుమానం మొదలైంది. బొమ్మల కార్డులు చూపించినా, పాట పాడినా (నా పాటకు కనీసం ఏడవాలి కదా) ఉలుకూ లేదు, పలుకూ లేదు. శుక్రవారం పెద్ద టీచరమ్మ పిలిచి, "సాయంత్రం ఏడింటికి మా ఇంటికి భోజనానికి రా. నీతో మాట్లాడాలి" అంది. ఆ రెండో మాట విన్నాక భోజనం మీద ఆశ చచ్చిపోయింది. ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్లకూడదన్నది అమ్మ శాసనం కాబట్టి, బడి వెనకాల చెట్టు చింతపండుతో, కరివేపాకు లేకుండానే ఒక డబ్బా పులిహోర కలిపాను. వంటలో సాయానికని వుడ్‌ల్యాండ్స్ అమ్మాయి ముందే వెళ్లింది. సరిగ్గా ఏడింటికి నేను తలుపు తట్టాను. పెద్ద టీచరమ్మ తలుపు తీసి, మొహం నిండా నవ్వుతో, "గుడ్ నైట్!" అంది.

ఏడింటికి రమ్మన్నదీ ఆమే, గడప తొక్కకముందే పొమ్మంటున్నదీ ఆమే. అంటే నా నివేదిక సంగతి తేలిపోయిందన్నమాట. అయినా మన మర్యాద మనది కదా అని, "గుడ్ నైట్ మేడమ్" అని వినయంగా వంగి, వెనక్కి తిరిగి గేటు దాటేశాను. పులిహోర కూడా ఇవ్వలేదు. పొమ్మన్నవాళ్ల చేతిలో డబ్బా పెడితే ఏం బాగుంటుంది? సందు మలుపు దాకా వెళ్లానో లేదో, వెనక నుంచి చెప్పుల చప్పుడు.

"ఏయ్, ఎక్కడికి పోతున్నావ్ లా? ఇక్కడ సాయంత్రం గుడ్ నైట్ అంటే హలో అని! లోపలికి రా అని! తిండి, మకాన్ అంతా టేబుల్ మీద రెడీ, రా రా!" వుడ్‌ల్యాండ్స్ అమ్మాయి నవ్వలేక, పరుగెత్తలేక రొప్పుతోంది.

పెద్ద టీచరమ్మ తలుపు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాక మాత్రం ఒక కాగితం నా ముందు పెట్టింది. నివేదికలో అప్పటిదాకా రాసింది రెండే మాటలు: "పాఠం బాగా చెప్తాడు. ఇతని కంటికి మనుషులు కనబడరు." ఇక్కడ లోపలికి వచ్చినవాళ్లే ముందు పలకరించాలనీ, పలకరించకపోతే 'మీరు నాకు లెక్కలేదు' అన్నట్టేననీ, ఒకే ఇంట్లో పడుకుని లేచినవాళ్లకే పలకరింపు అక్కర్లేదని వంటామె దెప్పింది అందుకేననీ చెప్పింది. "నీ పిల్లలు రోజూ నీ గుడ్ మార్నింగ్ కోసం చూస్తున్నారు. తమని చూడని సారుకి వాళ్లెందుకు జవాబు చెప్పాలి?" అంది. సేవ చేస్తానని సముద్రాలు దాటొచ్చి, ఆరేళ్ల పిల్లల మనసు నొప్పించానని నిజంగా బాధేసింది.

సోమవారం వంటామెతో మొదలుపెట్టి వరండా పొడవునా గుడ్ మార్నింగులు పంచుకుంటూ వెళ్లి, తరగతి గుమ్మంలో గొణిగినట్టు ఇంకొకటి అన్నాను. ముందు బెంచీలో పసుపు రిబ్బన్ల పిల్ల లేచి, "వినబడలేదు సర్. బయటికెళ్లి మళ్లీ రండి" అంది. వెళ్లి వచ్చాను. "నేలకి చెప్తున్నారు సర్. మాకు చెప్పండి" అంది. మూడోసారి తలెత్తి, వాళ్లను చూస్తూ చెప్పాను. ముప్ఫై గొంతులు ఒక్కసారిగా "గుడ్ మార్నింగ్ సర్!" అని అరిస్తే రేకులు అదిరాయి. ఆ తర్వాత వెళ్లేరోజు దాకా నా తరగతిలో క్రమశిక్షణ అన్నది మళ్లీ కనబడలేదు. నివేదికలో పెద్ద టీచరమ్మ పాత మాట కొట్టేయలేదు. దాని కిందే "ఇప్పుడు కనబడుతున్నారు" అని రాసి సంతకం పెట్టింది. నేను పాసయ్యాను.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పటికీ బిషాన్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కితే అందరికీ గుడ్ మార్నింగ్ చెప్తాను. మా అమ్మాయి "నాన్నా, డోంట్ లా!" అని గోడవైపు తిరుగుతుంది. పై అంతస్తు చైనీస్ ఆంటీ అయితే మొదటిరోజే, "ఇన్సూరెన్స్ వద్దు" అని తేల్చి చెప్పింది. ఆ తర్వాత నాలుగేళ్లూ తలైనా ఊపలేదు. నేను మానలేదు. మొన్న పరీక్ష పేపర్ల ఆలోచనలో పడి, తల వంచుకుని, ఫైలు గుండెకు హత్తుకుని మా అమ్మాయితో లిఫ్ట్ ఎక్కాను. వెనక నుంచి ఆంటీ గొంతు, కాస్త నిష్ఠూరంగా: "ఏయ్, టుడే నో గుడ్ మార్నింగ్ ఆ?"

ఆ పసుపు రిబ్బన్ల పిల్ల ఇప్పుడెంత పెద్దదై ఉంటుందో. మా అమ్మాయిని తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకోమని, బయటికి దిగి మళ్లీ ఎక్కాను.