చిన్నకాయల లెక్క

2023వ సంవత్సరం. అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కాలేజీ తనంతట తాను పెట్టుకునే చిన్న పరీక్షని ఇంటర్నల్ టెస్ట్ అంటాం. మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి ఇంటర్నల్ అంటే జ్వరం వచ్చినంత పని. మీన్ అంటే సగటే, చిన్నప్పట్నించీ కడుతున్నదే. పేరు ఇంగ్లీషులోకి మారేసరికి కాళ్ళూ చేతులూ ఆడవు.

టెస్టుకి ముందు వారం ప్రాక్టీసుకని ఒక లెక్క ఇచ్చాను. ఒక తోటలో చెట్లెక్కి కొబ్బరి దింపు తీశారు, ఏ బరువు కాయలు ఎన్ని ఉన్నాయో ఇవి, సగటు బరువు కట్టండి అని. ఆ 'ఎన్ని' అన్నదాన్నే ఫ్రీక్వెన్సీ అంటాం. ఊళ్ళో లెక్క ఇచ్చానని నేను మురిసిపోతుంటే సగం క్లాసు తప్పు చేసింది. మా వైపు కొబ్బరి బేరంలో చిన్నకాయలు రెంటిని కలిపి ఒకటిగా లెక్కగడతారు. ఈ మహానుభావులు చిన్నకాయల ఫ్రీక్వెన్సీని బుద్ధిగా సగం చేసి పెట్టారు. వేరే ఊళ్ళో ఏ లెక్చరరుకీ ఈ అదృష్టం పట్టదు.

సత్యవేణి అనే అమ్మాయి మాత్రం పక్కమ్మాయి పేపరు మీద వేలు పెట్టి చెబుతోంది. "బేరంలో అయితే రెండూ ఒకటేనే. ఇక్కడ తూకం కదా, ఏ కాయకి ఆ కాయే."

నేనైనా అంత తేలిగ్గా చెప్పలేను. ఆ పిల్ల పలివెల నుంచి బస్సులో వచ్చేది. తండ్రి లేడు, అమ్మమ్మ దగ్గర ఉంటోంది. తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళి చాలా ఏళ్ళయింది. మధ్యలో ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళింది.

టెస్టులో అదే లెక్క అంకెలు మార్చి ఇచ్చాను. దిద్దుతుంటే సత్యవేణి పేపరు వచ్చింది. చిన్నకాయలు సగం చేసేసింది. మిగతా లెక్కలు మొదలుపెట్టి వదిలేసింది. ఫెయిలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు స్టాఫ్ రూముకి పిలిచాను.

"పక్కవాళ్ళకి నేర్పిన లెక్కే తప్పు రాశావేంటమ్మా? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉందండి."

"అయితే కావాలనే రాశావా?"

"ఆయ్" అని ఒప్పుకుంది.

కారణం నేను అడగకుండానే చెప్పింది. "చదువబ్బకపోతే చెప్పు, వచ్చేత్తాను, ఇంకెవరి కోసం ఇక్కడుండటం అందండి మా అమ్మ. మార్కులు తన ఫోనుకే వెళ్తాయి కదండీ. ఫోన్లో కాకుండా తన గొంతు ఎలా ఉంటదో మర్చిపోయానండి."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మా కాలేజీ నుంచి మార్కులు పెద్దవాళ్ళకి మెసేజీగా వెళతాయి. "ఇవి పంపకుండా ఆపి, నీ చేత మళ్ళీ రాయించనా?" అన్నాను.

"వద్దండి మేడమ్. పంపెయ్యండి."

ఆ ముఖంలో ఆశ చూశాక కాదనబుద్ధి కాలేదు. పంపేశాను. ఆవిడ నిజంగా వచ్చేస్తే బాగుండునని ఆ వారమంతా నేను కూడా కోరుకున్నాను.

అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి తల్లి ఆ రోజే ఫోన్ చేస్తుంది. శనివారం పొద్దున్నే సత్యవేణి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏమన్నారమ్మా మీ అమ్మగారు?"

"ట్యూషన్ పెట్టించుకోమందండి. ఆ ఫీజు కోసం, వేసవిలో వద్దామనుకున్నది కూడా మానుకుని, ఇంకో రెండేళ్ళు ఉంటానని పనిచేసే ఇంటోళ్ళకి చెప్పేత్తానంటోందండి."

తల్లి తన దగ్గరికి రావాలని పిల్ల చేసిన పని తల్లిని ఇంకా దూరం చేసింది. "ఫోను కలుపు, నేను మాట్లాడతాను" అన్నాను. అదృష్టం, కలిసింది. నేనెవరో చెప్పి, మీ అమ్మాయికి ట్యూషన్ అక్కర్లేదండీ, దానికి లెక్కలు బాగా వచ్చు, మీరు వస్తారని తప్పు రాసింది అన్నాను.

"వచ్చెయ్యమని అది ఒక్కసారి కూడా అన్లేదండి మేడంగారూ" అంది ఆవిడ. "నేను బానే ఉన్నాను, నువ్వుండమ్మా అంటాది. ఆ ఒక్క మాట అంటాదేమో అని చూత్తన్నానండి నేను."

పేపరు చూసి పిల్లలకేం వచ్చో చెప్పడం నా పని, అది నాకు బాగానే చేతనవును. వాళ్ళకేం కావాలో మాత్రం పేపర్లో దొరకదు. కూచోబెట్టి అడగాలి, అవసరమైతే వాళ్ళ చేత అడిగించాలి. ఆ రోజు నేర్చుకున్నదిదే. ఫోను సత్యవేణి చేతిలో పెట్టి, "నువ్వే చెప్పు" అన్నాను.

రెండు చేతులతో పట్టుకుని చెప్పింది.

"అమ్మా, నాకు ట్యూషనొద్దే. నువ్వొచ్చెయ్."