కళ్లంలో సువార్తమ్మగారు చెప్పిన మాట

పోయిన ఏడాది పర్చూరు వైపు తిరిగొచ్చి ఈ బ్లాగులో ఒక ముక్క రాశాను: "ఊపితే గింజలు గలగలమంటే మిరపకాయ ఎండినట్టేనని పెద్దలు చెబుతారు." మొన్న సాయంత్రం ఒక రైతు దాని కింద అడిగారు: "ఏ పెద్దలండీ? రేపు మా కాయలు సంచులకెత్తాలి, మీ మాట నమ్మొచ్చా?" మొదట ఒళ్లు మండింది, తర్వాత భయమేసింది. తడి మిగిలితే సంచుల్లోనే బూజు పడుతుంది, ఏడాది కష్టం పోతుంది. ఆ మాట నాకు చెప్పింది ఒకే ఒక్కావిడ. ఆవిడ పేరైనా రాసుకోలేదు. ఆయన ఫోన్ నంబరు తీసుకుని, ఒక్క పూట ఆగమని బతిమాలాను.

మర్నాడు ఆరున్నరకు చీరాలలో బస్సెక్కితే పర్చూరుకు ముప్పావు గంట పట్టింది, టికెట్టు నలభై రూపాయల లోపే. అక్కడ ఎక్కిన ఆటో డ్రైవరుకు సంగతంతా, నిరుడు నేను చూసిన కళ్లం గుర్తులూ చెబితే నవ్వాడు. "కాయ ఎండలో ఎండుద్దని రాయడానికి ఎవరి పేరూ అక్కర్లేదండీ, లోకమెరిగిందే. ఇది చేత్తో చూసిన మనిషి చెప్పిన మాట గదా! ఆ కళ్లంలో ఉండేది సువార్తమ్మ, పదండి."

సువార్తమ్మగారు పరిచిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను రాసింది చదివి వినిపించాను.

"పెద్దలెవరమ్మా? ఎండలో నిలబడి చెప్పింది నేనేగా!" అన్నారు గట్టిగా. నాకు తల కొట్టేసినట్టయింది. "పైగా సగమే రాశావు. మిట్టమధ్యాన్నం ఊపితే తడి ఉన్న కాయా గలగలమనుద్ది. తొడిమ దగ్గర విరిచి చూడమన్నానా, లేదా?"

అప్పటికప్పుడు ఆ రైతుకు ఫోన్ చేసి ఆవిడ చేతికిచ్చాను. కాసేపటికి అటునుంచి, "వంగుతుందమ్మా, విరగట్లేదు" అన్నారాయన.

"అయితే ఇంకో రెండెండలు పడనీయండి."

ఆవిడ మజ్జిగ గ్లాసు అందిస్తూ అన్నారు: "ఈసారి నా పేరు పెట్టు. తప్పయితే నన్నే వచ్చి అడుగుతారు."

అడిగిన ఆయనకూ, కసురుకున్న ఆవిడకూ రుణపడి ఉన్నాను. పేరు రాసి ఉంటే, నేను మర్చిపోయిన సగం ఆ రైతుకు నేరుగా దొరికేది. మీరు కాయల కాలంలో వెళ్తే ఎండ ముదరకముందే కళ్లం చేరండి. ఎవరైనా తమ అనుభవం చెబితే, వాళ్లనడిగి పేరూ ఊరూ అక్కడే రాసుకోండి.

మూడో రోజు ఆ రైతు సందేశం పంపారు: "ఈరోజు విరిగాయి, ఎత్తుతున్నాం. సువార్తమ్మగారికి చెప్పండి." అందులో నా ఊసే లేదు. ఎంత సంతోషమేసిందో!