నాన్న కుర్చీ పక్కన స్పీకరు

కంప్యూటరు వెనక నారింజ రంగు పిన్ను గుచ్చగానే స్పీకరు "టప్" మంది. డాబా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వస్తోంది. ఆ చప్పుడూ ఈ ఘాటూ కలిస్తే నాకు మస్తాన్ బాబాయి గుర్తొస్తాడు. వినుకొండలో మా పక్కింటాయన, మైకు సెట్లు అద్దెకిచ్చేవాడు. మా నాన్న పౌరాణిక నాటకాల్లో పద్యం పాడిన ప్రతి ఊళ్ళోనూ మైకు ఆయనదే. బాబాయి పోయి ఏడాది కావస్తున్నా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

గొంతుకు ఆపరేషనయ్యాక నాన్నకు మాట పోయింది. పద్యం సంగతి సరే, మంచినీళ్ళు కావాలన్నా సైగే. ఎవరైనా గుమ్మం తొక్కితే చాలు, లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఆయన పద్యాలున్న పాత క్యాసెట్లను నేను కంప్యూటర్లోకి ఎక్కిస్తే, పెట్టొద్దని చేత్తో వారించాడు. ఈ మనిషి ఇక నలుగురిలో కూర్చోడేమోనని అమ్మ దిగులు. నాకైతే కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియని కోపం.

కంప్యూటరు సౌండ్ కార్డును మా హోమ్ థియేటరుకు కలిపి పెట్టమని చివరికి అమ్మే బాబాయిని పిలిచింది. డాబా మీద మిరపకాయలు ఆరబోసిన ఒక సాయంత్రం వైర్లు భుజాన వేసుకుని వచ్చాడు. పద్యం మొదటిసారి పెట్టినప్పుడు నాన్న గొంతంతా బేస్ డబ్బాలోకి పోయి, ఉరిమినట్టు చప్పుడు తప్ప ఒక్క మాటా తెలియలేదు. లోపలి గది తలుపు దగ్గర నిలబడ్డ నాన్న ముఖం తిప్పేసుకున్నాడు. బాబాయి కంగారుగా ఆంప్లిఫయరు వెనక రెండు వైర్లు అటూ ఇటూ మార్చాడు. మాటలు పలికే స్పీకరును నేను టీవీ కింద పెట్టబోతుంటే ఆపాడు.

"మీ నాన్న ఎక్కడ కూర్చుంటాడమ్మాయ్?"

"ఆ పేము కుర్చీలో. అయినా అట్టపెట్టె మీద బొమ్మలో టీవీ కిందే ఉంది కదా బాబాయ్."

"ఆ బొమ్మేసినోడికి మీ నాన్న తెలుసా ఏంది? పద్యం మా అన్న దగ్గర్నుంచి రావాల. ఇటియ్యి."

స్పీకరును కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి, "రా అన్నా, నీ చోటు ఖాళీగా ఉంది," అన్నాడు. నాన్న చాలాసేపు కదల్లేదు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. పద్యం మొదలైంది. రాగం సాగుతుంటే ఆయన పెదవులు కదిలాయి. అమ్మ స్పీకరు వైపు చూడనే లేదు, నాన్ననే చూస్తూ ఏడ్చింది. పద్యం అయిపోగానే గుమ్మంలో నిలబడ్డ బాబాయి, నాటకాల్లో జనం అరిచినట్టే, "వన్స్ మోర్!" అని అరిచాడు. సరేనన్నట్టు నాన్న స్టేజీ మీదలాగే కుడిచెయ్యి ఎత్తాడు. నేను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆయన ఆ కుర్చీలోంచి లేచి వెళ్ళలేదు. పద్యం వినబడితే చాలు, బాబాయి పక్కింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వన్స్ మోర్ అనేవాడు.

బాబాయి ఆ రోజు నాన్నను ఓదార్చలేదు. ఎప్పటిలాగే ఆయన పద్యానికి మైకు పెట్టాడు, అంతే. దిగులుపడ్డ మనుషుల దగ్గరికి వెళ్ళేటప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

పాత సెట్టు పాడైతే ఇవాళ కొత్తది తెచ్చి నేనే కలిపాను. స్పీకరు మాత్రం కుర్చీ పక్కనే. పద్యం అయిపోయింది. నాన్న అలవాటుగా గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. నేను లేచి వెళ్ళి, బాబాయి నిలబడ్డ చోటే నిలబడి అరిచాను.

"వన్స్ మోర్!"

నాన్న చెయ్యి మెల్లగా పైకి లేచింది.