రాజేశం కాక తవ్వించిన గుంట

రాతి కింద దాగిన నీటిని ఎరిగినవాడు, మనిషి లోపల దాగినదాన్నీ ఎరిగినవాడు, దాహం పుట్టకముందే దానికి జవాబు పుట్టించి ఉంచినవాడు, ఆ స్వామికి మొదట దణ్ణం పెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను. ఆయన దయ లేనిదే మా వీధి కుళాయిలో నీళ్ళు లేవు, రాయడానికి నా చేతిలో బలమూ లేదు.

ఇవాళ పొద్దున భివండి శివారులోని పూర్ణ గ్రామం దగ్గర, గోదాముల వెనకున్న కూలీల వాడలో, కొత్తగా వేసిన నీటి పైపు మీద గుంట తవ్వించాను. పార దిగగానే తడి వాసన లేచింది. వానకు లేచే మట్టి వాసన కాదది. కప్పిపెట్టిన మట్టిని మళ్ళీ తెరిచినప్పుడు వచ్చే, బురదా ఇనుమూ కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, రాజేశం కాక గుంట అంచున గొంతుక్కూర్చుని, ధోవతి మోకాళ్ళ మీదికి దోపుకుని, లోపలికి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది. ఆయన పోయి ఏడాది దాటింది. బిల్లు ఇచ్చేముందు పైపు మీద తవ్వి చూడాలని ఆయన పెట్టి వెళ్ళిన ఈ గుంట నియమాన్ని తీసేయాలా వద్దా అని రేపు మా నీటి మండలిలో చర్చ ఉంది. తవ్వడం దండగ, ఫోటోలు చాలు అంటున్నారు కొందరు. అందుకే, ఆయనను చూడని వాళ్ళకు ఆయనెవరో చెప్పాలనిపించింది.

మేము ముంబై పక్కనున్న భివండిలో స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఉత్తర తెలంగాణలో చేతిమగ్గాలు ఆగిపోతుంటే మా తాతలు ఇక్కడి సాంచెల దగ్గరికి వచ్చారు. సాంచె అంటే కరెంటు మగ్గం. మా బాపు, అంటే మా నాన్న, రాజేశం కాక సాంచెల మీద కూలికి నేసేవాడు. కాక పెద్ద సేటేమీ కాదు, కరెంటు పోతే కూలీలతో పాటు తానూ గడప మీద కూర్చుని విసనకర్ర ఊపుకునే మనిషి. కానీ సోమవారం భజనలో ఆయన గొంతెత్తితే వాడంతా నిశ్శబ్దమయ్యేది. మా నేతవాళ్ళ మూలపురుషుడు భావనారుషి తామర నూలుతో దేవతలకు బట్ట నేసిన కథ ఆయన నోటే నేను విన్నాను. దేవుడంటే ఎవరో, పనంటే ఏమిటో ఆ భజనలో చాప మీద కూర్చునే నేర్చుకున్నాను.

మా వాళ్ళకొక ఆచారం ఉంది. శ్రావణ పున్నమినాడు మార్కండేయ స్వామి తేరు ఊరేగుతుంది. తేరు ముందు ఒక బండి మీద చేతిమగ్గం పెట్టి, బండి కదులుతుండగానే స్వామికి బట్ట నేస్తారు. ఊరేగింపు గుడికి తిరిగి చేరేసరికి బట్ట పూర్తికావాలి. నేను కాలేజీలో చదువుతున్న రోజుల్లో ఒక పున్నమికి కాక మగ్గం మీదున్నాడు. ధామన్కర్ నాకా కూడలి దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తి బండి ఆపమన్నాడు. ఎక్కడో పడుగులో పోగు తెగింది, ఆయన చూసుకోకుండా నాలుగు వేళ్ళ మేర నేసేశాడు. ఇప్పుడు దాన్ని ఊడదీస్తానంటాడు. వెనక తేరు ఆగింది, తేరు వెనక డప్పులు ఆగాయి, వాటి వెనక ఆటోలూ టెంపోలూ ఆగి హారన్లు మొదలుపెట్టాయి. ట్రాఫిక్ పోలీసు మరాఠీలో తిట్టడం మొదలుపెట్టాడు. కాక బామ్మర్ది నర్సింగం తేరు దిగి పరుగున వచ్చాడు. ఏటా తేరు కట్టించే ఖర్చంతా ఆయనదే. పైపుల పనులు పట్టే ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు.

"ఓ బావా, ఒక్క పోగు గంత దేవునికి కనవడ్తదా? నడువ్ నడువ్."

"దేవునికి కనవడ్తదో లేదో నాకెర్క లేదు. నాకైతె కనవడ్డది" అన్నాడు కాక, తల ఎత్తకుండా. పోగు అతికి, నేసినది ఊడదీసి, మళ్ళీ నేసేదాకా బండి కదలనివ్వలేదు. ఆ సాయంత్రం గుడి మెట్ల మీద నేను అడిగాను, గుళ్ళోనే కూర్చుని నేసుకుంటే ఈ బాధ ఉండదు కదా అని. ఆయన నవ్వాడు. "గుళ్ళె నేస్తె తప్పు నాకొక్కనికే తెలుస్తది బిడ్డా. నేను మంచోన్నే, గని ఎన్నడన్న ఒకనాడు నిద్రొస్తది గద. గందుకే మనోళ్ళు దేవుని బట్టను బజార్ల నేసిన్రు."

నేను ఇంజనీరింగ్ చదివి, ఊళ్ళో అందరూ పానీ ఆఫీసు అని పిలిచే నీటి మండలిలో ఉద్యోగంలో చేరాను. కొన్నాళ్ళకు రాజేశం కాకే మండలికి అధ్యక్షుడుగా ఎన్నికై వచ్చాడు. అప్పటికి అక్కడ పని ఎలా నడిచేదంటే, టెండరు కవర్లు తలుపులు మూసిన గదిలో తెరిచేవారు. పని చూడడానికి మమ్మల్ని ఠేకేదారు జీపులోనే తీసుకెళ్ళేవారు. ఆయన చూపించినచోట చూసి, ఆయన పోయించిన చాయ్ తాగి వచ్చేవాళ్ళం. ఇది లంచమని ఎవరూ అనుకునేవారు కాదు, మర్యాద అనుకునేవారు. కాక మొదట కవర్లు తెరవడాన్ని ఆఫీసు వరండాలోకి మార్చాడు. మైకు పెట్టించి, ఎవరు ఎంతకు వేశారో హిందీలోనూ మరాఠీలోనూ చదివించాడు. ఉపాధ్యక్షుడు పాటిల్ పెద్దగా నవ్వి, పానీ ఆఫీసును కూరగాయల మార్కెట్ చేశావు కదా రాజేశం సేట్ అని ఎద్దేవా చేశాడు. మార్కెట్లో అయితే వంకాయలో పుచ్చు కొనేవాడికి కనిపిస్తుంది పాటిల్ భావూ అన్నాడు కాక.

తరువాత ఒకరోజు నన్ను పిలిచాడు. "బిడ్డా, పైపేసినంక మన్ను కప్పుతరు గద. కప్పినంక లోపలెట్లున్నదో ఎట్ల తెలుస్తది?"

నిజం చెప్పాను, తెలియదని. నీళ్ళు వస్తున్నాయా అని చూస్తాం, వస్తే బిల్లు పంపుతాం. అయితే బిల్లు పోయేముందు గుంట తవ్వి చూద్దామన్నాడు ఆయన. ఎక్కడ తవ్వాలో మేము గుర్తుపెడతామన్నాను.

"నువ్వొద్దు, నేనొద్దు, ఠేకేదారైతె అసలే వద్దు. ఆ నల్లా కాడ నీళ్ళు పట్టేటోళ్ళే చెప్పాలె, ఇగో ఈడ తవ్వున్రి అని."

ఆ మాటను నియమంగా రాయించడానికి ఆయన పడ్డ పాట్లు ఇక్కడ రాయను. సభ్యుల్లో సగంమంది అలిగారు, ఠేకేదార్లు టెండర్లు వేయం పొమ్మన్నారు. ఆయన మాత్రం ప్రతి సమావేశంలోనూ అదే మాట, అదే గొంతుతో, భజనలో పల్లవిలాగా మళ్ళీ మళ్ళీ అన్నాడు. విసిగిపోయి ఒప్పుకున్నారనే నా అనుమానం.

నియమం వచ్చాక మొదట బిల్లుకు వచ్చిన పని మా వీధిదే. నిజాంపురా వెనక, మా బాపు అద్దెకుండే వరసగదుల చాల్ ముందు కొత్త పైపు వేశారు. వేసింది నర్సింగం. పైపు పడ్డప్పటి నుంచి నీళ్ళకు మురుగు వాసన. ఇంటింటా పసిరికలు. మా పక్కింటి షబానా కూతురు కళ్ళు పసుపుపచ్చగా మారి ఆసుపత్రిలో పడుకుని ఉంది. ఆ సోమవారం భజన అయ్యాక నర్సింగం ప్రసాదం చేతిలో పట్టుకునే కాక ముందుకు వచ్చాడు. అందరి పనుల మీదా తవ్వుకోమన్నాడు, తన పని ఒక్కటి వదిలేయమన్నాడు. కాక వినిపించుకోనట్టు తాళాలు సంచిలో పెడుతున్నాడు. అప్పుడు నర్సింగం అందరికీ వినపడేలా అన్నాడు: "తవ్వు బావా, తవ్వు. ఈ పున్నానికి తేరెవడు గడ్తడో నేను గూడ జూస్త."

గుడి రంగులూ మైకులూ అన్నీ నర్సింగం ఇచ్చినవే. కాక భార్య లక్ష్మి చిన్నమ్మ అక్కడే ఉంది, తమ్ముడి వెంట లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నుంచి ఆమె కాకతో మాట్లాడడం మానేసిందని తరువాత తెలిసింది.

గుంట తవ్వేరోజు వీధి నిండా జనం. కాక రాగానే అందరికీ వినపడేలా ఒక మాట చెప్పాడు. ఈ పని నా బామ్మర్దిది, దీని మీద నా మాట చెల్లకూడదు, పాటిల్ భావు ఏం చెబితే అదే. అలా చెప్పి, కుర్చీ పాటిల్ వైపు జరిపి, తాను వెళ్ళి జనంలో నేల మీద కూర్చున్నాడు. పాటిల్ ముఖంలో అంత గాభరా నేనెప్పుడూ చూడలేదు. చాటున నర్సింగం ఇచ్చే మర్యాదలు ఆయనకూ తెలుసు. తవ్వాల్సిన చోటు చెప్పమంటే ఆడవాళ్ళు షబానా వైపు చూశారు. ఆమె ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. మురుగు మోరీ పక్కన ఒకచోట చెప్పుకాలు పెట్టి, "ఇధర్" అన్నది.

మట్టి తీస్తుంటే ముందు వాసన, తరువాత నల్లటి నీరు. పైపును మోరీ గోడకు ఆనించి వేశారు. రెండు పైపులు కలిసేచోట ఉండాల్సిన రబ్బరు వాషరు లేదు. తారు పూసిన గుడ్డ చుట్టి ఉంది. కాక లేచి వచ్చి గుంటలో దిగాడు. ఆ గుడ్డను వేళ్ళతో రుద్ది చూశాడు. మా సాంచెల మీద నేసే, రంగు వేయని గ్రే బట్ట.

నర్సింగం నవ్వబోయాడు. "గట్టి బట్టనే బావా, మనోళ్ళు నేసిందే."

"గట్టిదే" అన్నాడు కాక, గుంటలోంచి. "దీన్ని నేసినోని బిడ్డలే ఈ నీళ్ళు తాగుతున్నరు, నర్సింగం."

ఆ తరువాత ఆయన పైకెక్కి, మళ్ళీ వెళ్ళి జనంలో కూర్చున్నాడు. అందరూ పాటిల్ వైపు చూశారు. షబానా చూసింది, మా అవ్వ చూసింది, పైన కిటికీల్లోంచి సాంచెలు ఆపి వచ్చిన కూలీలు చూశారు. తలుపులు మూసిన గదిలో అయితే ఆయన ఏమనేవాడో దేవుడికే తెలియాలి. పాటిల్ చెమట తుడుచుకుని, "సగళ కాఢా" అన్నాడు. మొత్తం ఊడదీయమని. వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా, నర్సింగం సొంత ఖర్చుతో. అదయ్యేదాకా ఆయనకు ఇంకే పనీ లేదని కూడా అక్కడే చెప్పాడు. ఆ రోజు నేను ఒక మనిషి ధైర్యాన్ని చూశాననుకుంటారు మీరు. ఇద్దరిది చూశాను. పాటిల్‌కు ఆ ధైర్యం దొరికే చోటును కాక సిద్ధం చేసి పెట్టాడు. మంచివాణ్ణి వెతకడం కంటే, మామూలు మనిషి మంచిగా ఉండగలిగే చోటు కట్టడం పెద్ద పని అని నాకు తెలిసింది అక్కడే.

ఆ ఏడు తేరు కట్టలేదు. స్వామిని పల్లకిలో మోశాం. మగ్గాన్ని ఒక చేతిబండి మీద పెట్టి కూలీలు తోశారు. జనం తక్కువ, డప్పులు తక్కువ. ఒక్కడి తప్పు పట్టబోయి దేవుణ్ణి చిన్నబుచ్చావు రాజేశం అని పెద్దలు కొందరు ముఖం మీదే అన్నారు. కాక నేస్తూనే ఉన్నాడు. పల్లకి మా వీధి మొదట్లోకి వచ్చింది. స్వామి ఎదురుగా బిందెడు నీళ్ళు నేల మీద ఆరబోయడం మా ఆచారం. ఎవరు పోస్తారా అని చూస్తుంటే, లక్ష్మి చిన్నమ్మ జనంలోంచి బయటికి వచ్చింది. ఇంటి నుంచి నింపి తెచ్చిన బిందె కాదు, ఖాళీది. మా చాల్ ముందు మళ్ళీ వేసిన పైపుకున్న కొత్త నల్లా తిప్పింది. కాసేపు గాలి బుసకొట్టి, తరువాత నీళ్ళు పడ్డాయి. కళ్ళు తేరుకుని ఇంటికొచ్చిన షబానా కూతురు కుళాయి పక్కనే నిలబడి చూస్తోంది. చిన్నమ్మ ఆ నీళ్ళు ఒక దోసిలి తాను తాగి, మిగతావి స్వామి దారిలో పోసింది. కాక వైపు చూడనైనా లేదు. "పొద్దుగూకుతున్నది, జెర జల్ది నెయ్యి" అన్నది. అన్ని వారాల తరువాత భర్తతో ఆమె అన్న మొదటి మాట అది. కాక చేతిలో పోగుతో అటూ ఇటూ ఆడే నాడె ఆగింది. తల వంచుకుని మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

మరుసటి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. బాధపడినట్టు నాకు కనిపించలేదు. గుంట తవ్వుతున్నారా అని మాత్రం కలిసినప్పుడల్లా అడిగేవాడు. తవ్వుతున్నాం కాకా అంటే, ఎక్కడ తవ్వాలో ఎవరు చెబుతున్నారు అని మళ్ళీ అడిగేవాడు. రెండో ప్రశ్నే ఆయనకు ముఖ్యం.

ఇవాళ పూర్ణలో ఠేకేదారు మనిషి టెంటు కింద నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, తవ్వడానికి చోటు తానే గీసి ఉంచాడు. నేను చాయ్ ముట్టలేదు. గోదాము పనికి బయలుదేరుతున్న ఆడవాళ్ళను ఆపి అడిగాను. గీసిన చోటు కాదు, ఇంకోచోటు చూపించారు. అక్కడ పైపు బాగానే ఉంది, సంతకం పెట్టాను. తప్పు దొరకలేదు కాబట్టి గుంట దండగ అనేవారికి రేపు నా జవాబు ఇదే. మా తాతలు దేవుడి బట్టను బజార్లో నేసింది ప్రతిసారీ పోగు తెగుతుందని కాదు.

రేపు ఆ గదిలో నేను ఒక్కదాన్నే లేచి నిలబడాల్సి రావచ్చు. నిలబడతాను. చదువరులారా, మీరు ఏ ఊళ్ళో, ఏ కుళాయి దగ్గర ఉన్నా, నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి. స్వామీ, కప్పిన మన్ను కింద ఉన్నదాన్ని చూసేవాడివి నువ్వు. మమ్మల్నీ చూడనివ్వు. చూసినదాన్ని నలుగురిలో చెప్పే గొంతునివ్వు. రాజేశం కాకను నీ మగ్గం దగ్గర కూర్చోబెట్టుకో. మా పిల్లల గ్లాసుల్లో తేట నీళ్ళు పోయించు.