నా రక్తంలో కనబడిన మందు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు నమ్ముతున్నానని ఎవరూ అనుకోవద్దు.

హాడో జెట్టీలో ఒకప్పుడు మా తాతగారి లాంచీలు మూడు ఉండేవి. ఇప్పుడు లాంచీలూ లేవు, ఆ ఇల్లూ లేదు. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. కేన్సర్ మందు రోగి రక్తంలో ఇంకా ఎంత మిగిలి ఉందో లిక్విడ్ క్రొమటోగ్రఫీ మిషన్ మీద కొలవడం నా పని. మందు ఉంటే కాగితం మీద ఆరో నిమిషం దగ్గర గీత కొండలా లేస్తుంది.

ప్రతి రోగి ప్లాస్మా తర్వాత, మందు లేని ప్లాస్మా ఒకటి నడిపి చూస్తాం. దాన్ని బ్లాంక్ అంటాం. గీత చదునుగా రావాలి. బ్లాంక్‌కి నా రక్తమే వాడతాను. ఒకరిని అడగడం మా ఇంటా వంటా లేదు.

ఆ రోజు ఉదయం పదకొండింటికి, వార్డులో ఉన్న తుష్నాబాద్ ఊరి పైడితల్లిగారి శాంపిల్ వచ్చింది. ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే విషమే, అందుకే వెనకే విరుగుడు ఎక్కిస్తారు. మందు కొద్దిగానే మిగిలిందంటే విరుగుడు ఆపి ఇంటికి పంపేస్తారు. నిజంగా ఎక్కువ ఉండగా విరుగుడు ఆపితే కిడ్నీలు పోతాయి, మనిషి దక్కదు.

కొద్దిగానే ఉందని వచ్చింది. వెనకే నా బ్లాంక్ నడిపాను. ఆరో నిమిషంలో గీత లేచింది. రోగి శాంపిల్లో లేచినదానికంటే ఎన్నో రెట్లు ఎత్తుగా.

ముందు శాంపిల్ తాలూకు మందు మిషన్‌లో మిగిలిందనుకుందామంటే, మిగిలింది అసలుకన్నా ఎక్కువెలా అవుతుంది? అదే సీసా నుంచి ఇంకో మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ చదునే.

రిపోర్టు ఆపేసి, మళ్ళీ రక్తం తియ్యమని వార్డుకి ఫోన్ చేశాను.

“నీ మిషన్‌కి పిచ్చెక్కితే మా పేషెంట్‌ని పొడవాలేటి భయ్యా? నీ రిపోర్టు రాగానే ఇంటికి పంపెయ్యమని డాక్టర్ సాబ్ ఛుట్టీ రాసేశారు,” అంది నర్సు.

“రాస్తే రాశారు దీదీ. మళ్ళీ తీసేదాకా నేను సంతకం పెట్టను.”

అరగంటకి ఆవిడే శాంపిల్ పట్టుకొచ్చింది. ముఖం పాలిపోయింది. వార్డులో పైడితల్లులు ఇద్దరట. సముద్రం దాటి వచ్చిన మావాళ్ళు అన్నీ వదిలారుగాని అమ్మవారి పేరు వదల్లేదు, ఇంటికో పైడితల్లి. పొద్దున పేరు పిలిస్తే, అదే మందు అంతకుముందే పూర్తి చేసుకున్న వండూర్ పైడితల్లి పలికింది.

“చెయ్యిచ్చింది, తీసేశాను భయ్యా,” అంది నర్సు మెల్లగా.

కొత్త శాంపిల్ నడిపాను. నా బ్లాంక్‌లో వచ్చిన అంకే వచ్చింది, దశాంశాలతో సహా.

విరుగుడు పెంచారు. పది రోజులకి పైడితల్లిగారు తన కాళ్ళ మీద నడిచివెళ్ళి తుష్నాబాద్ బస్సెక్కారు.

‘మిషన్ సరిగా కడగలేదు’ అని రిజిస్టరులో రాయమన్నారు మా పై అధికారి. కడిగింది నేనే. రాయనన్నాను. అమ్మవారి మహిమ అన్నారు తోటివాళ్ళు. అదీ రాయనన్నాను.

ఎన్ని విధాల ఆలోచించినా నాకు ఈ రోజుకీ అంతు చిక్కలేదు. ‘కారణం’ అన్న గడిలో ‘తెలియదు’ అని రాసి, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను. మళ్ళీ అడిగినా అదే రాస్తాను.