నీళ్ల బొమ్మ గీసిన ఎండాకాలం

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో కరీంనగర్‌లో నేను పనిచేసిన ప్రింటింగ్ ప్రెస్సులో దానికి పూల గుడ్డతో కుట్టించిన ముసుగు కూడా ఉండేది. అది తొంభై అయిదు ఎండాకాలం. (మా చెల్లెలు తొంభై నాలుగంటుంది. కాదు. తొంభై నాలుగులో నేనింకా పెళ్లికార్డులు మడతపెట్టే బల్ల దగ్గరే ఉన్నాను. ఇటువంటి విషయాల్లో నేను పొరబడను.) టైపు తప్పుల్లేకుండా కొడతానని మా సేటు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. అందులో బొమ్మలు కూడా గీయవచ్చని కనిపెట్టి, ఒకరోజు మామిడిపండు గీసి చూపించాను. మౌసుతో గీయడమంటే సబ్బుబిళ్ల పట్టుకుని ముగ్గు వేసినట్టుండేది. అయినా ఆ కుర్చీ రుచి మరిగాక మళ్లీ మడతల బల్ల దగ్గరికి వెళ్లడం అన్న ఊహే నాకు నచ్చేది కాదు.

ఆ ఎండాకాలమే జమ్మికుంట నుంచి సేటు అక్క భర్త వచ్చారు. ఆయనది పత్తి మార్కెట్లో కమీషన్ మీద రైతుల పత్తి అమ్మిపెట్టే అడ్తి వ్యాపారం. మార్కెట్టుకు వచ్చే రైతుల కోసం చలివేంద్రం పెడుతున్నానని, గోడలకు అంటించడానికి రంగుల కాగితాలు కావాలని అన్నారు. "గ్లాసుల నీళ్లు సూడంగనే తొవ్వపొంటి పోయెటోడు ఆగాలె. గంతే." మా సేటు అప్పుడే కొత్తగా రంగుల ప్రింటరు తెప్పించి ఉన్నాడు. "కంప్యూటర్ గీస్తది బావా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని హామీ ఇచ్చి, ఆ హామీని అట్లాగే నావైపు తిప్పాడు.

నీళ్లంటే నీలం అని చిన్నప్పటి డ్రాయింగు పుస్తకాలు నేర్పాయి కదా! గ్లాసు గీసి, ముప్పాతిక వరకు చక్కని నీలం పోశాను. (నిజంగా పోయడమే. రంగు నింపేచోట ఒంపుతున్న డబ్బా గుర్తు ఉండేది.) ఇంకా అక్షరాలు వేయలేదు. రంగు ఎట్లా వచ్చిందో దూరం నుంచి చూద్దామని ఒక కాగితం తీసి ప్రెస్సు తలుపుకు అంటించి, అన్నానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తలుపు ముందు ఒక ముసలాయన, ఆయన వెనుక కొందరు ఆడవాళ్లు, అందరి చేతుల్లో డబ్బాలు.

"గాసునూనె గీడ గూడ ఇస్తున్నరా బిడ్డా?" అన్నాడు ముసలాయన.

అప్పట్లో రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపేవారు. నేను పోసింది అచ్చంగా అదే నీలం. "అవి మంచినీళ్లు తాతా" అన్నాను. ఆయన కాగితానికి ముక్కు ఆనించినంత పని చేసి చూసి, "గీ నీళ్లు నువ్వే తాగు బిడ్డా, నాకొద్దు" అని డబ్బా ఊపుకుంటూ వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే బావగారు రిక్షా దిగారు. సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "ఏం బామ్మర్దీ, పత్తి మార్కెట్ల గాసునూనె బొమ్మ అంటబెట్టాల్నా? పక్కన అగ్గిపెట్టె గూడ గీయించకపోయినవ్!"

వెంటనే లోపలికి పరిగెత్తి నీలం తీసేశాను. తీసేస్తే గ్లాసు ఖాళీ అయిపోయింది. "ఇప్పుడు నీళ్లు అయిపోయినయ్, ఇంటికి పోన్రి అన్నట్టున్నది" అన్నారు బావగారు. మా సేటు మొహం వాడిపోయింది. బావగారు వెళ్లాక సేటు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "రేపు బావ ఊరికి పొయ్యేలోపట నీళ్లు కనవడాలె. లేకుంటే సైన్‌బోర్డులు రాసేటాయనను పిలుస్త. నువ్వు మళ్ల మడతల బల్ల కాడికే పోవుడు. ఏమనుకోకు బిడ్డా." తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే గాజు గ్లాసులో నీళ్లు పోసి బల్ల మీద పెట్టుకున్నాను. (ఎక్కడి వరకు పోశానో స్కెచ్ పెన్నుతో గీత కూడా పెట్టాను.) గడ్డం బల్లకు ఆనించి ఎంత చూసినా నాకు నీళ్లు కనబడలేదు. వెనకున్న కిటికీ ఊచలు కనబడ్డాయి. నీళ్లు లేనిచోట నిటారుగా ఉన్న ఊచలు, నీళ్లున్నచోట లావెక్కి వంకరపోయాయి. ఇదేమిటా అని చూస్తుండగా మా సేటు వచ్చాడు. వచ్చింది కుడివైపు నుంచి. గ్లాసులో మాత్రం ఎడమవైపు నుంచి వచ్చాడు!

"సేటూ, జర మళ్లొకసారి నడువున్రి."

"ఎందుకు?"

"మీరు ఇటు వస్తుంటే గ్లాసుల అటు పోతున్నరు."

"నీళ్ల బొమ్మ గీయమంటే నాతోని పరేడ్ చేయిస్తున్నవా?" అని గొణుగుతూనే నడిచాడు. తర్వాత ఆయనకూ చూడాలనిపించింది. బావగారు వచ్చేసరికి సేటు బల్లకు గడ్డం ఆనించి ఉన్నాడు, నేను గోడ నుంచి గోడకు నడుస్తున్నాను. "ఏమైందిరా మీకు?" అంటూనే ఆయన కూడా వంగి చూశారు. "అరే! ఉండు, నేను నడుస్త" అని ఎర్రచారల తువ్వాలు భుజం మీద సర్దుకుని బయలుదేరారు. ఆ చారలు గ్లాసులోకి రాగానే ఉబ్బి, ఒంగి, అంచు దగ్గర సన్నబడి మాయమయ్యాయి. నీళ్లకు సొంత రంగు లేదని, వెనకున్నదాన్ని వంకర చేసి చూపించడమే వాటి పని అని నాకు అప్పుడు తట్టింది.

తువ్వాలు అడిగి తీసుకుని గ్లాసు వెనక మేకుకు తగిలించాను. బయట చారలు నేరుగా, లోపల లావుగా, వంకరగా గీశాను. అంచుల దగ్గర ముదురు గీతలు, ఒకచోట తెల్లని మెరుపు పెట్టాను. ఇక నీడ గీయాలి. గ్లాసు నీడ నడుమ ఒక వెలుగు మరక ఉంటుందని అప్పటిదాకా నేను గమనించనే లేదు. దాన్ని వింతగా చూస్తుంటే పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసు ఎత్తుకుపోయింది.

"అయ్యో సార్, అవి తాగేటియి కావు, గీసేటియి!"

బావగారు అప్పటికే గటగటా తాగేసి మూతి తుడుచుకున్నారు. "నీళ్లు నీళ్లే గద పిల్లా, మళ్ల పొయ్యి." మళ్లీ గీత వరకు, ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాకుండా పోసి, నీడ పూర్తి చేశాను.

అచ్చు తీసిన కాగితాన్ని బావగారు వెలుతురులోకి పట్టుకుపోయారు. మెచ్చుకోలేదు. గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టి రుద్దారు, కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు. చివరికి, "గీ చారలు నా తువ్వాలయే!" అన్నారు పెళ్లిఫోటోలో తనను తాను పోల్చుకున్నవాడిలా. తువ్వాలు భుజాన వేసుకుంటూ సేటును అడిగారు: "ఆ బోర్డులాయనకు చెప్పినవా ఏంది?"

"ఇంకా లే బావా."

"చెప్పకు మరి."

మా సేటు నా కుర్చీ వెనక నుంచి వెళ్లి, మడతల బల్ల దగ్గర తనే కూర్చుని పెళ్లికార్డులు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మా ఇంట్లో అందరూ స్టీలు గ్లాసుల్లో తాగుతారు. నేనొక్కదాన్నే గాజు గ్లాసు వాడతాను. నీళ్లిస్తే వెంటనే తాగను. కిటికీకి అడ్డంగా ఎత్తిపట్టి ఒకసారి చూస్తాను. "నలక గిట్ల పడ్డదా అత్తమ్మా?" అని మా కోడలు నేను చెప్పేలోపలే పారబోసి వేరే నీళ్లు తెస్తుంది. వాటినీ ఎత్తిపట్టి, ఆ పిల్ల గ్లాసులో ఎటువైపు నుంచి వంటింట్లోకి వెళుతుందో చూస్తాను. పాపం, మొన్న కొత్త ఫిల్టరు కొనిపించింది.